గ్రేడన్ వాళ్ల ఖాళీ శనివారం

వెర్నా టిల్లిట్‌కి ఆ కబురు మొదట మొగుడి నోటి నుంచే వచ్చింది, అందుకని సగమే నమ్మింది. మెర్ల్ ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి పొద్దున లేస్తే కాఫీ కప్పు పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఫుట్‌బాల్ అభిమానులు పేర్లు మార్చుకుని ఒకరినొకరు తిట్టుకునే చోటు ఒకటుంది, అతని కాలక్షేపమంతా అక్కడే. అక్కడ పుట్టే వార్తల్లో పదింటికి తొమ్మిది మధ్యాహ్నానికల్లా చస్తాయి. ఏప్రిల్లో ఒక మంగళవారం అతను వంటింట్లోకి వచ్చి, గ్రేడన్ కాలేజీకి చందాలిచ్చే ధాన్యం వ్యాపారి సొంత విమానం ఉదయం ఏడింటికి లేచి డెన్వర్‌లో దిగిందని చెప్పాడు.

విమానాల తోక మీది నంబర్లు పట్టుకుని ఎవరు ఎక్కడికి వెళ్లారో కూపీ లాగడం కాన్సస్‌లో అభిమానులకి వెన్నతో పెట్టిన విద్య. కోచ్‌ని మార్చబోతున్నా, ఒక కాలేజీ తనున్న లీగుని, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపుని, వదిలి ఇంకో లీగులోకి దూకబోతున్నా, పత్రికలకన్నా ముందు పసిగట్టేది వీళ్లే. డెన్వర్‌లో పెద్ద లీగు ఆఫీసు ఉంది. టీవీ డబ్బంతా ఆ లీగుకే పోతుందని, ఆ ప్రాంతంలో ప్రతి కాలేజీ దాని గుమ్మం వైపే చూస్తూ ఉంటుందని పసిపిల్లలకి కూడా తెలుసు.

"వెళ్లిపోతున్నారు వెర్నా," అన్నాడు మెర్ల్. "కంచరగాడిదలు కట్టుతాడు తెంపుకుంటున్నాయి. నీ స్నేహితుడు డ్వేన్ నీకేం చెప్పలేదా?"

కంచరగాడిదలంటే గ్రేడన్ జట్టే. ఆ పేరు వాళ్లే పెట్టుకున్నారు, ఆట రోజున అట్ట చెవులు తగిలించుకుని మరీ వస్తారు. తిడదామన్నా అవకాశం ఇవ్వని జాతి అది.

డ్వేన్ ఏమీ చెప్పలేదు. మెర్ల్ ముందు ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక వెర్నా పెనం మీది కోడిగుడ్లు మాడ్చేసింది.

ఆమె లోమాక్స్ స్టేట్ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఫుట్‌బాల్ జట్టుకి ఆటలు కుదిర్చే మనిషి. ఏ శనివారం ఎవరితో, ఎవరి ఊళ్లో, ఎన్నేళ్ల తర్వాత అన్నది పది పన్నెండేళ్ల ముందు నుంచే మాట్లాడి పెట్టాలి. పెళ్లిళ్ల పేరయ్య పనిలాంటిదే, కాకపోతే ఇక్కడ రెండు వైపులవాళ్లూ తలలు పగలగొట్టుకోవడానికే కలుసుకుంటారు. అన్ని ఆటలూ కుదిర్చింది గానీ, ఆమెకి ప్రాణమైన ఆటని మాత్రం ఆమె ఎప్పుడూ కుదర్చవలసిన అవసరం రాలేదు. అదే గిలక ఆట.

నూట పదిహేడేళ్లుగా నవంబరు ఆఖరు శనివారం లోమాక్స్, గ్రేడన్ ఆడుకుంటున్నాయి. రెండు ఊళ్ల పొలిమేరలో ఒక బావి గురించి వచ్చిన తగాదాలో, అప్పటి కుర్రాళ్లు కొట్టుకోవడం మాని బంతి ఆడి తేల్చుకున్నారట. ఆ బావి ఎప్పుడో పూడిపోయింది. దాని తుప్పు పట్టిన ఇనప గిలక మాత్రం గెలిచినవాళ్ల దగ్గర ఏడాది పాటు ఉంటుంది. ఆరేళ్లుగా అది గ్రేడన్‌లోనే ఉంది, ఆ సంగతి వెర్నా దగ్గర ఎత్తకపోవడం మర్యాద. రెండు కాలేజీలూ ఒకే లీగులో ఉన్నాయి కాబట్టి ఈ ఆటకి ఒప్పందం, సంతకం ఏమీ అక్కర్లేదు. లీగు పట్టికలో తనంతట తనే వస్తుంది. ఎవరో ఒకరు లీగు వదిలిన రోజున తనంతట తనే పోతుంది కూడా. వచ్చే ఏడు వేసవికి వెర్నా రిటైరవ్వాలి. దిగిపోయేలోగా ఆ ఆట పోకుండా ఉంటే చాలని, ఇంకేమీ అక్కర్లేదని ఆమె అనుకునేది.

డ్వేన్ ఓస్ట్రాండర్ గ్రేడన్‌లో అదే పని చేస్తాడు, ఇరవై రెండేళ్లుగా. ఏటా మార్చిలో ఇద్దరూ రెండు ఊళ్లకీ సరిగ్గా మధ్యలో ఉన్న ఒక హోటల్లో కలుసుకుంటారు. బ్యాండు వాళ్లు ఎక్కడ కూర్చోవాలి, బస్సులు ఎక్కడ ఆపాలి లాంటి చిల్లర సంగతులు మాట్లాడుకుంటారు, రూబార్బ్ పై అనే పుల్లటి తీపి వంటకం తింటారు. కిందటి నవంబరులో ఓడిన కాలేజీ మనిషి బిల్లు కట్టాలి. ఆరేళ్లుగా వెర్నాయే కడుతోంది. డ్వేన్ ప్రతిసారీ ఇంకో ముక్క తెప్పించుకుని, "మీ ఆతిథ్యం ఎప్పుడూ గొప్పదే వెర్నా," అంటాడు.

విమానం సంగతి విన్నాక ఆమె మనసు ఈ మార్చి కలయిక చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి డ్వేన్ రెండో ముక్క తెప్పించుకోలేదు. ఫోన్ బల్లమీద బోర్లా పెట్టాడు. మాటల మధ్యలో, సందర్భం లేకుండా, లోమాక్స్ వాళ్ల బేస్‌బాల్ మైదానం రిపేర్లు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఏం రిపేర్లు అనబోయి వెర్నా తమాయించుకుంది. వచ్చే ఏడు లీగు బేస్‌బాల్ పోటీలు జరిపే వంతు లోమాక్స్‌ది. మైదానం రిపేర్లున్నాయి, మా వంతు ఇంకెవరికైనా ఇచ్చేయండని ఫిబ్రవరిలో లీగుకి రాసిన ఉత్తరం ఆమె చేతులతో టైపు చేసిందే. ఇంకా మొదలవలేదని ఏదో చెప్పింది. డ్వేన్ తల ఊపి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు ఆమెకి అది మామూలు కబురులాగే తోచింది. ఇప్పుడు మాత్రం మనిషి ఏదో దాచుకుని మాట మారుస్తున్నట్టు కనిపించింది.

ఏప్రిల్ ఆఖరున ఇంకో దెబ్బ తగిలింది. వచ్చే ఏడు సెప్టెంబరు పన్నెండున నెబ్రాస్కాలోని ఒక చిన్న కాలేజీతో ఆడాల్సిన ఆటని గ్రేడన్ రద్దు చేసుకుందని పత్రికలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. నష్టపరిహారం కట్టి మరీ రద్దు చేసుకుంది. మిగతా జనం ఆ నాలుగు లైన్లు చదివి పేజీ తిప్పేశారు. వెర్నాకి మాత్రం అక్కడే చూపు ఆగిపోయింది.

ఆమె వృత్తిలో ఎవరికైనా అలాగే అవుతుంది. ఒక్కో జట్టుకి ఏడాదికి పన్నెండు ఆటలు. వాళ్ల లీగులో ఎనిమిది లీగు ఆటలు, సెప్టెంబరులో నాలుగు బయటివాళ్లతో. డెన్వర్ పెద్ద లీగులో తొమ్మిది లీగు ఆటలు, బయటివి మూడే. తేలిగ్గా గెలిచే ఆటని చేతి డబ్బు పోసి వదిలించుకునేవాడు ఎవడుంటాడు? తొమ్మిదో లీగు ఆటకి చోటు చేసుకోవాల్సినవాడే ఉంటాడు. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఆమెకి ఆ మాట ఎంత గట్టిగా చెప్పిందంటే, ఇంకో కారణం ఉంటుందేమోనన్న ఆలోచన దరిదాపులకి కూడా రాలేదు. మెర్ల్‌కి చెబితే, రెండు రోజుల్లో అది అతని తిట్ల బజారంతా పాకింది. గ్రేడన్ వాళ్లు నమ్మకద్రోహులని, తాతల కాలం నుంచీ అంతేనని, బావి దగ్గర కూడా మోసం చేశారని తీర్మానించారు.

లోమాక్స్‌లో ఆటల విభాగానికి పెద్ద క్లే ప్రూయిట్. నలభై మూడేళ్లవాడు, మూడేళ్ల కిందట వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు. ఎంత చిన్న సంగతి చెప్పినా చేతులు కట్టుకుని శ్రద్ధగా వింటాడు. వెర్నా తన అనుమానమంతా చెప్పినప్పుడు కూడా అలాగే విన్నాడు. విని, లీగు వదిలేవాళ్లు జూన్ ముప్పైలోగా నోటీసు ఇవ్వాలి కదా, చూద్దాం అన్నాడు. ఆమెతో వాదించలేదు. ఔననీ అనలేదు.

మే పద్నాలుగున డ్వేన్ ఫోన్ చేశాడు. పిల్లలు, వాన, గోధుమ పంట అంటూ చుట్టూ తిరిగి, ఆఖరికి అసలు సంగతికి వచ్చాడు.

"వచ్చే ఏడు సెప్టెంబరు పన్నెండు మీకు ఖాళీయేనా?"

ఖాళీయే. ఆ రోజున ఆడాల్సిన జట్టు శీతాకాలంలో వెనక్కి తగ్గింది. ఆ సంగతి దాచేదేం కాదు గానీ, వెర్నా ఒళ్లంతా చెవులు చేసుకుంది.

"ఎవరినో ఒకరిని చూస్తున్నాను," అంది. "ఏం, ఎందుకూ?"

"ఊరికే అడిగాను. ఎవరికీ మాటిచ్చెయ్యకు. జూన్ ఆఖరుదాకా ఆగు."

"జూన్ ఆఖరుదాకా ఎందుకాగాలి డ్వేన్?"

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"నా మాట మీద ఆగు. ఇప్పుడింతకన్నా చెప్పలేను, చెబితే నిన్నే ఇరకాటంలో పెట్టినట్టవుతుంది."

సరేనంది. ఫోన్ విసురుగా పెట్టేసింది. జూన్ ఆఖరుదాకా అట. నోటీసు గడువు జూన్ ముప్పై. అంటే వాళ్లు బిచాణా ఎత్తేసేదాకా మేం ఖాళీ శనివారం ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అప్పటికి మంచి జట్లన్నీ అయిపోతాయి, ఎవరి కాళ్లో పట్టుకుని దిక్కుమాలిన ఆట ఒకటి తెచ్చుకోవాలి. అదీ ఇరవై రెండేళ్ల స్నేహం పేరు చెప్పి. తన చెవిలో పూలు పెట్టడానికి చూసినందుకు కన్నా, అంత నాజూగ్గా పెట్టబోయినందుకు ఆమెకి ఎక్కువ మండింది. నిన్నే ఇరకాటంలో పెట్టినట్టవుతుందట!

మర్నాడు క్లే గదికి వెళ్లింది. పశ్చిమ తీరంలో ఒక పెద్ద కాలేజీ సెప్టెంబరు పన్నెండుకి ఆట కావాలని నెలరోజులుగా అడుగుతోంది. ఒప్పందం కఠినంగా ఉంది, తప్పుకుంటే కట్టాల్సిన జరిమానా చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకనే ఇన్నాళ్లూ నానబెట్టింది. ఇప్పుడు సంతకం పెట్టేద్దామని తనే అంది.

"నీకు ఖాయమేనా?" అన్నాడు క్లే.

"గ్రేడన్ వాళ్లు మనల్ని వాకిట్లో నిలబెట్టి వెళ్లిపోతారు క్లే. వాళ్ల కోసం చూస్తూ కూర్చునేది లేదు."

"మంచిది," అన్నాడు క్లే. ఇంకేమీ అనలేదు. మే పందొమ్మిదిన ఆమె కాగితాలు సిద్ధం చేసి తన పేరు రాసి, క్లే చేత కూడా సంతకం చేయించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మెర్ల్‌కి చెప్పినప్పుడు ఆమె గొంతులో గర్వం ఉంది. డ్వేన్‌కి మాత్రం కబురు పెట్టలేదు. అలాంటి ఒప్పందాలు జులైలో గానీ బయటపెట్టరు. అప్పుడు పత్రికలో చూసి తెలుసుకుంటాడులే అనుకుంది.

జూన్ ఇరవై ఏడు, శుక్రవారం. పొద్దున పదింటికి సిబ్బందినంతా పై అంతస్తు హాల్లోకి రమ్మన్నారు. గ్రేడన్ నోటీసు ఇచ్చేసినట్టుంది, ఆ కబురు చెప్పడానికే అనుకుంటూ వెర్నా మెట్లెక్కింది. తను చెప్పిందే నిజమైందన్న తృప్తి లోపల కొంచెం ఉందని ఒప్పుకోవాలి.

హాల్లో కాలేజీ అధ్యక్షుడు ఆకుపచ్చ టై కట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన వెనక గోడకి మనిషెత్తు బ్యానర్లు రెండు వేలాడుతున్నాయి. లోమాక్స్ ఆకుపచ్చ మీద డెన్వర్ పెద్ద లీగు గుర్తు. వచ్చే ఏటి జులై నుంచి లోమాక్స్ స్టేట్ ఆ లీగులో చేరుతోందని, నోటీసు ఆ ఉదయమే ఇచ్చామని, ఇది చరిత్రలో నిలిచిపోయే రోజని ఆయన అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నా చేతులు కూడా రెండుసార్లు కలిశాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. అంత బట్ట మీద అంత అచ్చు వేయించడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆమెకి తెలుసు. ఆరు వారాలు పడుతుంది. అంతకు ముందు మాట్లాడుకోవడానికి ఎన్నాళ్లో. బేస్‌బాల్ వంతు ఎందుకు వదులుకున్నారో ఇప్పుడు తెలిసింది. ఏ రిపేరూ లేదు. వచ్చే ఏడు వేసవికి వెళ్లిపోయేవాడు ఈ లీగువాళ్లకి పందిళ్లు వేసి విందులెందుకు చేస్తాడు?

మెట్ల దగ్గర క్లేని పట్టుకుంది.

"నీకు ముందే తెలుసు."

"జనవరి నుంచీ," అన్నాడు అతను. దాచాలని కూడా చూడలేదు. "లాయర్లు నోరు కట్టేశారు వెర్నా, ఎవరికీ చెప్పకూడదన్నారు."

"గ్రేడన్ ఆట సంగతేంటి? పన్నెండో తారీఖు ఉంచుకుంటే బయటి ఆటగా పెట్టుకునేవాళ్లం కదా. నా చేత సంతకం పెట్టించావు."

"నేను పెట్టమనలేదు. నువ్వే వచ్చి పెడతానన్నావు, మంచిదన్నాను." అతను గొంతు తగ్గించాడు. "నిజం చెప్పమంటావా? వరసగా ఆరేళ్లు ఓడాం. కొత్త లీగులోకి వెళ్తూ ఆ దెబ్బలు కూడా వెంట తీసుకెళ్లడం అధ్యక్షుడికి ఇష్టం లేదు. నువ్వు అనుమానపడుతుంటే నాకు పని తేలికైంది. దానికి క్షమించమంటాను."

అన్న మాట ప్రకారం క్షమాపణ అడిగాడు కూడా. వెర్నా తన గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. పశ్చిమ తీరం ఒప్పందం తీసి జరిమానా అంకె ఇంకోసారి చదివింది. కొత్త లీగు తొమ్మిదో ఆట కోసం ఒక చిన్న కాలేజీని తీసేస్తారు, మిగిలిన మూడు బయటి ఆటలూ ఇలాంటి కాగితాలతో బిగించినవే. ఆ మూడింటిలో ఒక దాని బిగింపు ఆమెదే.

పదకొండున్నరకి ఫోన్ మోగింది. డ్వేన్.

"అభినందనలు," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది, దొరకలేదు. "పోనీలే, ఇక గుట్టేముంది. నాకు మార్చి నుంచే అనుమానం. వంతు వచ్చిన పోటీలు ఎవరు వదులుకుంటారు? రిపేర్లంటే నీ మొహం చూశాను కదా, నీకే తెలియదని అర్థమైంది. అందుకనే నీ దగ్గర ఎత్తలేదు. నీ కాలేజీ గుట్టు నీ చేత విప్పించడం నాకు నచ్చలేదు."

"డెన్వర్ విమానం?" అంది వెర్నా. అదే ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"ఏ విమానం? ధాన్యం వ్యాపారిదా? మోకాలి ఆపరేషన్‌కి వెళ్లాడు పాపం, ఇంకా కుంటుతున్నాడు." డ్వేన్ నవ్వాడు. "సరే విను. పన్నెండో తారీఖు ఖాళీ చేసి పెట్టాను. నెబ్రాస్కా వాళ్లకి డబ్బు కట్టడానికి మా వాళ్లని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి ఏడు మీ ఊళ్లోనే ఆడతాం, మాకేం పట్టింపు లేదు. కాగితాలు మధ్యాహ్నం పంపనా?"

గ్రేడన్ వాళ్ల ఖాళీ శనివారం మొదటి నుంచీ తమ కోసమే. ఎన్నేళ్లుగా చదువుతున్న పట్టికే, ఎన్నేళ్లుగా ఎరిగిన మనిషే. రెంటినీ తప్పుగా చదివింది.

"వెర్నా?"

"ఇచ్చేశాను డ్వేన్. పన్నెండు ఇచ్చేశాను. సంతకం అయిపోయింది, వెనక్కి తీసుకునే దారి లేదు."

అవతల కాగితాలు పక్కకి నెట్టిన చప్పుడైంది.

"ఎప్పుడు?"

"మే పందొమ్మిది."

"నేను ఆగమని చెప్పిన తర్వాత."

"తర్వాతే. ఐదు రోజులకి."

"నా మాట మీద ఆగమన్నాను కదా."

"మీరే వెళ్లిపోతున్నారనుకున్నాను. మమ్మల్ని కదలకుండా కట్టేయడానికి అలా అన్నావనుకున్నాను."

"ఇంకోసారి ఫోన్ చేసి అడగకపోయావా? ఏంటి డ్వేన్, వెళ్లిపోతున్నారా అని?"

"అడిగితే అబద్ధం చెబుతావనుకున్నాను."

చెప్పాక ఆ మాట ఎంత ఘోరంగా ఉందో ఆమెకి వినిపించింది. డ్వేన్ గొంతు పెంచలేదు.

"ఇరవై రెండేళ్లలో నీకు ఒక్క అబద్ధమైనా చెప్పానా?"

"లేదు."

"మరి?"

వెర్నా కళ్లు తుడుచుకుని, కావాలంటే ముందు ఏళ్లు చూద్దామా అంది. ఇద్దరూ తమ తమ పట్టికలు తీశారు. ఒక్కో ఏడూ పైకి చదువుకుంటూ వెళ్లారు. ఆమెకి ఖాళీ ఉన్నచోట ఆయనకి లేదు, ఆయనకి ఉన్నచోట ఆమెకి లేదు. రెండు వైపులా ఖాళీగా ఉన్న మొదటి శనివారం తొమ్మిదేళ్ల తర్వాత కనిపించింది. అప్పటికి ఆ రెండు కుర్చీల్లోనూ వేరేవాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లకి గిలక ఆటంటే ఏం తెలుస్తుందో, దాని కోసం ఫోన్ ఎత్తుతారో లేదో ఇద్దరికీ తెలియదు. అయినా రాసుకున్నారు.

"ఇక ఈ నవంబరుదే ఆఖరుది," అన్నాడు డ్వేన్. "మా ఊళ్లోనే కదా. ఎప్పటిలాగే నా పక్కన కుర్చీ ఉంచుతాను, రా."

"వస్తాను."

"ఉంచుతానని నమ్ముతున్నావా?"

వేళాకోళానికి అన్నట్టే అన్నాడు గానీ, ఆ తర్వాత నవ్వలేదు. జవాబు కోసం ఆగాడు. వెర్నా ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"నమ్ముతున్నాను," అంది.

"మే నెలలో నమ్మాల్సింది," అని డ్వేన్ ఫోన్ పెట్టేశాడు.